ఇంత ధైర్యమున్న మనిషికి భయమేమిటి?

"అంత భయపడే మనిషైతే మండలాఫీసు ముందు మైకు పట్టుకుని ఎలా మాట్లాడిందమ్మా?" గృహహింస కేసుల వెంట తిరిగే వాళ్ళందరికీ ఈ ప్రశ్న కంఠతా వచ్చే ఉంటుంది. కోర్టులో అవతలి వకీలు అడుగుతాడు. స్టేషన్లో ఎస్సై అడుగుతాడు. పంచాయితీలో కూర్చున్న పెద్దమనుషులు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుతూ అడుగుతారు. వాళ్ళు అడగడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఈ మధ్య ఇది మన మీటింగుల్లో కూడా వినపడుతోంది. "సంఘానికి లీడరు, బ్యాంకు మేనేజరుతో పోట్లాడి లోను తెచ్చింది. మొగుడి ముందు నోరు పెగలదంటే నమ్మమంటావా అక్కా?" అని మన కార్యకర్త ఒకామె నన్నే అడిగింది. చురుకైన అమ్మాయి, కష్టపడి పనిచేసే అమ్మాయి.

ఆమె చెడ్డ ఉద్దేశంతో అడగలేదు. మనందరి బుర్రల్లోనూ ఒక లెక్క తెలియకుండానే పనిచేస్తూ ఉంటుంది. మనుషులు రెండు రకాలు, పిరికివాళ్ళూ ధైర్యవంతులూ అని. పిరికిది అన్నిటికీ భయపడాలి, ధైర్యంగలది దేనికీ భయపడకూడదు. పది చోట్ల నిలబడి మాట్లాడి పదకొండో చోట వణికిందంటే అది నటన, లేకపోతే కేసు కోసం కట్టిన కథ. ఈ లెక్క మొదలంటా తప్పు. దెబ్బ తిని నేర్చుకున్న భయం చాలావరకు ఏదో ఒక గుర్తుని పట్టుకుని ఉంటుంది. ఒక చప్పుడు, ఒక వాసన, ఒక గొంతు, ఒక గది, సాయంత్రం ఫలానా వేళ. ఆ గుర్తు లేనిచోట ఆమె మామూలు మనిషే. భయం ఒక్కచోటికే పరిమితమై ఉండటం అది అబద్ధమనడానికి రుజువు కాదు. ఆ భయం ఎక్కడ పుట్టిందో చెప్పే ఆనవాలు అదే.

నేను నెల్లూరు జిల్లాలో పని మొదలుపెట్టింది సారా ఉద్యమం రోజుల్లో. 1992లో దూబగుంట ఆడవాళ్ళ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ ఏడాది పొడుగునా వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డుకున్న వాళ్ళలో, ప్యాకెట్లు నడివీధిలో తగలబెట్టిన వాళ్ళలో ఒకామె నాకు బాగా దగ్గర. కాంట్రాక్టరు జీపుకి అడ్డంగా నిలబడి "నా మీంచి పోనియ్ చూద్దాం" అన్న మనిషి. ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటే, పొద్దుగూకే వేళకి వాకిట్లో సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినపడేది. చెబుతున్న మాట సగంలో ఆగిపోయేది. మెడ భుజాల్లోకి ముడుచుకుపోయేది. వీధిలో సైకిళ్ళు ఎన్నో పోతుండేవి, వాటికి ఏమీ లేదు. ఆ స్టాండు చప్పుడుకే. అదీ సాయంత్రం పూటే. పొద్దున్నే అతను అదే సైకిలు తీసుకుని పొలానికి పోతున్నప్పుడు ఆమె తలెత్తి కూడా చూసేది కాదు. ఆ మనిషి పోయాక సైకిలు అదే వీధిలో ఎవరికో అమ్మేశారు. "చప్పుడు వినపడితే ఇప్పటికీ చేతిలో ఉన్నది జారిపోతుంది, నాకే నవ్వొస్తుంది" అని చెప్పింది, నవ్వకుండానే.

ఇలాంటివి మీలో ప్రతి ఒక్కరికీ తెలుసు. తాళాల గుత్తి గలగల, బెల్టు బకిల్ చప్పుడు, తలుపు గొళ్ళెం, ఒక రకం బీడీ వాసన. నేను చెప్పదలుచుకున్నది, ఈ తెలిసిన సంగతిని మన కేసు పేపర్లలోకి, కౌన్సెలింగ్ గదుల్లోకి మనం తీసుకురావడం లేదని.

డి.ఎడ్., బి.ఎడ్. చదివిన వాళ్ళకి పావ్‌లోవ్ కుక్క గుర్తుండే ఉంటుంది. గంట, మాంసప్పొడి, లాలాజలం. మన పాఠ్యపుస్తకాల్లో దాన్ని 'శాస్త్రీయ నిబంధనం' అని పిలిచి, పరీక్షకి నాలుగు పాయింట్లు రాయించి వదిలేస్తారు. భయం కూడా అలాగే ముడిపడుతుందని చూపించిన ప్రయోగం 1920లో అచ్చయింది. అమెరికాలో బాల్టిమోర్ నగరంలో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ చేశారు. వాళ్ళు ఆల్బర్ట్ అని పేరు పెట్టిన ఒక పసివాడికి తెల్లెలుకని చూపించారు. వాడు భయపడకుండా పట్టుకోబోయాడు. పదకొండు నెలల వయసులో, వాడు ఎలుకని ముట్టుకోబోయినప్పుడల్లా వెనక నుంచి ఇనప కడ్డీని సుత్తితో కొట్టారు. అలా ఏడుసార్లు. ఆ తర్వాత చప్పుడు లేకుండా ఎలుక ఒక్కటే కనబడినా వాడు ఏడ్చి పాకుతూ పారిపోయాడు. తర్వాత కుందేలుకీ, కుక్కకీ, బొచ్చు కోటుకీ భయపడ్డాడు. కానీ చెక్క దిమ్మలు ఇస్తే హాయిగా ఆడుకున్నాడు.

పుస్తకాలు బొచ్చు కోటు గురించే ఎక్కువ చెబుతాయి, భయం ఎలా పాకుతుందో చూడండని. నాకు మాత్రం ఆ చెక్క దిమ్మలు ముఖ్యం. అదే పిల్లవాడు, అదే రోజు, అదే గది. ఎలుకని చూసి ఏడ్చినవాడు దిమ్మలతో ఆడుకుంటున్నాడు. ఆ పిల్లవాడు ఏడుపు నటిస్తున్నాడని ఎవరూ అనలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. వాడిని అక్కడి నుంచి పెద్ద లెక్చరు హాలుకి తీసుకుపోతే భయం బాగా పలచబడింది. చోటు మారితే చాలు, భయం మారుతుంది.

ఆ ప్రయోగం మీద విమర్శలు చాలా ఉన్నాయి, ఉండాలి కూడా. ఒక్క పసివాడి మీద చేసినది. వాడి తల్లి అక్కడి పిల్లల ఆసుపత్రిలో పాలిచ్చే ఉద్యోగంలో ఉన్న పేదరాలు. పిల్లవాడికి అంటించిన భయాన్ని తీసేసే ప్రయత్నం జరగకుండానే వాడు ఆసుపత్రి నుంచి వెళ్ళిపోయాడు. ఎవరి బిడ్డ మీద ప్రయోగాలు చేయొచ్చో ఆనాటి పండితులకి బాగానే తెలుసు.

భయాన్ని తీసేసే పని 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆమె చేసింది. ఈమె పేరు మన పుస్తకాల్లో ఎక్కడో చివరి వరుసలో ఉంటుంది, ఉంటే. పిల్లల భయాలు పోగొట్టడానికి ఏయే దారులు పనిచేస్తాయో ఆమె న్యూయార్క్‌లోని ఒక పిల్లల సంస్థలో దాదాపు 70 మంది పిల్లలతో వరసగా చూసింది. కొన్నాళ్ళు ఆ వస్తువు కంటపడకుండా ఊరుకోవడం, మాటలతో నచ్చజెప్పడం, తోటి పిల్లల చేత ఎగతాళి చేయించడం, పదేపదే దాన్నే ముందు పెట్టడం, ధ్యాస మళ్ళించడం అన్నీ చూసింది. వీటిని గట్టిగా నమ్మడానికి లేదని తేలింది. నిలబడినవి రెండే. పిల్లవాడికి ఇష్టమైన తిండి తింటుండగా భయపడే వస్తువుని కొద్దికొద్దిగా దగ్గరికి తీసుకురావడం, భయపడని పిల్లల మధ్య ఉంచి వాళ్ళని చూడనివ్వడం.

ఈ జాబితా చదివినప్పుడు నాకు మన పెద్దల పంచాయితీలు గుర్తొచ్చాయి. "కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండి రా, అన్నీ సర్దుకుంటాయి." "ఇంత చదువుకున్నదానివి, భయమేంటమ్మా." "అతగాడేమన్నా పులా, సింహమా?" ఎదురు చూడడం, నచ్చజెప్పడం, ఎగతాళి. 1924లోనే పనికిరావని తేలినవాటినే మనం పట్టుకుని కూర్చున్నాం.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఈ మెలిక దగ్గర మన కౌన్సెలర్లలో చాలామంది జారిపడుతున్నారు. జోన్స్ దగ్గరికొచ్చిన పీటర్ అనే మూడేళ్ళ పిల్లవాడి భయం కుందేలంటే. కుందేలు కరవదు. అందుకే దాన్ని దగ్గరికి తేవడం వైద్యమైంది. మన దగ్గరికొచ్చే ఆమె భయపడేది కొట్టే మనిషికి. అతను కొట్టడం మానకుండా ఆమె భయం మాన్పించాలనుకోవడం వైద్యం కాదు. తప్పించుకునే తెలివిని ఆమె దగ్గర నుంచి లాగేయడం. "నీ భయం తగ్గించుకో" అనే ముందు "కొట్టడం ఆగిందా?" అని అడగాలి. ఆగలేదంటే భయం సంగతి తర్వాత, ముందు ఆమెకి కావలసింది తలుపుకి తాళం, కోర్టు నుంచి ఆర్డరు, చేతిలో డబ్బు.

ఆగిందనే అనుకుందాం. అప్పుడైనా పని అయిపోదు. ఆ పీటర్ కథలోనే ఇంకో సంగతి ఉంది. వాడి భయం తగ్గుతూ వస్తుండగా జ్వరమొచ్చి ఆసుపత్రిలో చాలా వారాలుండాల్సొచ్చింది. ఇంటికి బయల్దేరి టాక్సీ ఎక్కుతుండగా పెద్ద కుక్కొకటి మీదికి దూకింది. పక్కనున్న నర్సు కూడా హడలిపోయింది. తిరిగొచ్చేసరికి పీటర్ భయం మొదటికొచ్చింది. మళ్ళీ మొదటినుంచి చేయాల్సొచ్చింది. ఆ తర్వాత 1979లో మార్క్ బూటన్, రాబర్ట్ బోల్స్ ఎలుకలతో దీన్ని ఇంకా స్పష్టంగా చూపించారు. ఒక పెట్టెలో నేర్చుకున్న భయాన్ని వేరే పెట్టెలో పూర్తిగా పోగొట్టినా, భయం నేర్చుకున్న పెట్టెలోకి మళ్ళీ వేస్తే అది తిరిగి వస్తుంది. పోయిందనుకున్న భయం పోలేదు. ఇక్కడ ప్రమాదం లేదని కొత్తగా ఒకటి నేర్చుకుంది, అంతే. ఆ కొత్త పాఠం ఆ చోటుకే ఎక్కువగా అతుక్కుని ఉంటుంది.

దీన్ని మన షెల్టర్ల భాషలోకి మార్చుకుని చూడండి. ఆమె మన దగ్గర రెండు నెలలుంటుంది. తింటుంది, నిద్రపోతుంది, కుట్టుమిషన్ నేర్చుకుంటుంది, మార్చి 8న పాట కూడా పాడుతుంది. "ఇప్పుడు ధైర్యం వచ్చింది" అని రిజిస్టర్లో రాసి పంపిస్తాం. వారం తిరక్కుండా అదే గడప దగ్గర నోరు కట్టేసినట్టయి, కేసు వెనక్కి తీసుకుంటుంది. అప్పుడు మనవాళ్ళే అంటారు, "ఇంత చేస్తే చివరికి మొగుడి పక్షమే చేరింది" అని. ఆమె ఏ పక్షమూ చేరలేదు. మన షెల్టర్లో వచ్చిన ధైర్యం మన షెల్టర్‌కి సంబంధించింది. ఆ గడప దగ్గర ఎవరైనా ఆమె పక్కన నిలబడి ఉంటేనే అక్కడా కొంచెం కొంచెంగా వస్తుంది. పంపించాక మొదటి నెల వారానికి రెండుసార్లు వాళ్ళింటికే వెళ్ళి కూర్చోవాలని నేను ఎప్పుడూ పోట్లాడేది ఇందుకే. ప్రాజెక్టు బడ్జెట్లో దానికి బస్సు చార్జీలుండవు. ట్రైనింగు మాడ్యూళ్ళకి మాత్రం ఉంటాయి.

అందరి భయమూ ఇలా ఒక్క గుర్తుకే కట్టుబడి ఉంటుందా అంటే, ఉండదు. కొందరు ఇరవైనాలుగు గంటలూ భయంలోనే ఉంటారు. వీళ్ళ గురించి కూడా పావ్‌లోవ్ ప్రయోగశాలలోనే ఒక సంగతి బయటపడింది. అక్కడ పనిచేసిన షెంగర్ క్రెస్తోవ్నికొవా అనే ఆమె, గుండ్రటి వలయం చూపించినప్పుడు కుక్కకి తిండి పెట్టేది, కోలగా ఉన్న వలయం చూపించినప్పుడు పెట్టేది కాదు. కుక్క తేడా పట్టేసింది. తర్వాత కోలగా ఉన్నదాన్ని మెల్లమెల్లగా గుండ్రంగా చేస్తూ పోయింది. రెండిటికీ తేడా కనబడనంత దగ్గరయ్యేసరికి, అంతకాలం నిమ్మళంగా ఉన్న కుక్క అరవడం, కట్లు కొరకడం మొదలుపెట్టింది. అంతకుముందు బాగా తెలిసిన తేడాలు కూడా మర్చిపోయింది.

గుర్తు స్పష్టంగా ఉంటే భయం దాని దగ్గరే ఆగుతుంది. ఏది ప్రమాదమో ఏది కాదో చెప్పలేని పరిస్థితిలో అంతటా పరుచుకుంటుంది. తాగినప్పుడే కొట్టే మనిషి భార్యకి కనీసం ఆ వాసన గుర్తు. ఒకరోజు మల్లెపూలు తెచ్చి, ఇంకోరోజు అదే నవ్వుతో జుట్టు పట్టుకునేవాడి భార్యకి ఏ గుర్తూ లేదు. "ఎప్పుడు ఏమంటాడో తెలియదు" అని వీళ్ళు చెప్పే మాటని మనం పెద్ద ఫిర్యాదుగా రాసుకోం. దెబ్బలెన్ని, గాయాలెన్ని అని అడిగి వదిలేస్తాం. నా లెక్కలో ఆ మాట చాలా గాయాలకన్నా పెద్దది.

పిల్లల సంగతి ఒక్కమాట. 1980లలో సుసాన్ మినెకా, ఆమె సహచరులు కోతులతో చూపించారు. ప్రయోగశాలలో పుట్టి పెరిగిన కోతులకి పాములంటే భయం లేదు. భయపడే కోతిని చూశాక వాటికీ పట్టుకుంది. పువ్వుని చూసి భయపడుతున్నట్టు వీడియో కలిపి చూపిస్తే మాత్రం పట్టుకోలేదు. అన్ని భయాలూ అంత సులభంగా అంటవు, కానీ కొన్ని చూస్తేనే అంటుతాయి. "పిల్లల మీద చెయ్యెత్తలేదు కదా" అనే తండ్రులకి, దాన్ని ఒప్పుకునే కోర్టులకి ఇది చెప్పాలి.

కోర్టుల మాట వచ్చింది కాబట్టి. భయాన్ని బయటికి ఎలా కనబడాలో న్యాయస్థానాలే నిర్ణయించి, అలా కనబడలేదని ఆడవాళ్ళని అబద్ధాలకోరుల్ని చేయడం మనకి కొత్తకాదు. 1972లో మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్లో మథుర మీద జరిగిన అత్యాచారం కేసులో 1978లో సుప్రీంకోర్టు నిందితులని వదిలేసింది. ఒంటిమీద గాయాల్లేవు, పెనుగులాట లేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనని. స్టేషన్, యూనిఫారం, రాత్రి, మూసిన తలుపు. వీటి ముందు ఒక ఆదివాసీ పిల్ల గొంతు ఎందుకు పెగలదో ఆలోచించే అవసరం వాళ్ళకి కనబడలేదు. నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో రాసిన బహిరంగ లేఖ, దేశమంతా ఆడవాళ్ళు చేసిన పోరాటం కలిసి 1983లో చట్టం మారింది. మారినా 2021 మే నెలలో గోవాలో ఒక పత్రికా సంపాదకుడి కేసులో, ఫిర్యాదు చేసిన ఆమె ప్రవర్తన బాధితురాలు ప్రవర్తించాల్సిన తీరులో లేదని సెషన్స్ కోర్టు రాసింది. అంతకుముందు 2020లో మధ్యప్రదేశ్ హైకోర్టు, వేధించిన మనిషి ఆమె ఇంటికే వెళ్ళి రాఖీ కట్టించుకోవాలని బెయిలు షరతు పెట్టింది. ఏ గడపలో భయం పుట్టిందో అదే గడపలోకి, పండగ పేరుతో. 2021 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2023 ఆగస్టులో అదే సుప్రీంకోర్టు మూస అభిప్రాయాల మీద జడ్జీల కోసం తెచ్చిన చిన్న పుస్తకంలో, హింసకి గురైన వాళ్ళంతా ఒకేలా ప్రవర్తించరని స్పష్టంగా రాసింది. మన వకీళ్ళలో ఎంతమంది దాన్ని సంచిలో పెట్టుకుని కోర్టుకి పోతున్నారు?

ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. హింస సామాజిక సమస్య, పితృస్వామ్యం సమస్య, దాన్ని ఆడదాని మనసులోకి దింపి మనస్తత్వశాస్త్రం చేస్తే అసలు నేరస్థుడు తప్పించుకోడా అని. ఈ జాగ్రత్త అవసరమే. డాక్టరు దగ్గరికి పంపి నిద్రమాత్రలిప్పించి ఊరుకున్న కేసులు నేనూ చూశాను. కానీ నేను చెబుతున్నది దానికి వ్యతిరేకం. భయం ఆమె స్వభావంలో ఉందని చెప్పేది అవతలివాళ్ళు, "ఆడది కదా, సహజంగానే పిరికిది" అని. భయాన్ని ఎవరో నేర్పారు, ఫలానా చోట ఫలానా చేతితో నేర్పారు అని తేలిస్తే వేలు అతనివైపే చూపిస్తుంది. దళిత స్త్రీ ఊళ్ళో ఒక వీధి తప్పించి చుట్టూ తిరిగి పోతుందంటే అది ఆమె జాతకం కాదు, ఆ వీధిలో ఏం జరిగిందో ఊరికి తెలుసు.

ఇప్పుడు మన పనిలోకి వద్దాం. మన కేసు షీటులో "మానసిక స్థితి" అని ఒక గడి ఉంటుంది. అందులో "భయపడుతోంది" అని ఒక్క ముక్క రాస్తాం. దేనికి? ఏ వేళకి? ఏ చప్పుడికి? అతను ఎదురుగా ఉంటేనా, ఫోనులో గొంతు విన్నా చాలా? అత్తగారు గదిలో ఉంటే ఎలా, లేకపోతే ఎలా? ఈ వివరాలు రాసుకుంటే అవతలి వకీలు "మైకు పట్టుకుంది కదా" అన్నప్పుడు మన దగ్గర జవాబుంటుంది. రక్షణ ఉత్తర్వులో ఏం అడగాలో కూడా వీటినుంచే తెలుస్తుంది. 2005 నాటి గృహహింస చట్టం 18వ సెక్షన్ కింద అతను ఆమెతో నేరుగా గానీ, ఫోనులో గానీ, రాతలో గానీ ఏ రూపంలోనూ మాట్లాడే ప్రయత్నం చేయకుండా, ఆమె పనిచేసే చోటికి రాకుండా ఆపమని అడగొచ్చు. "కొట్టకూడదు" అని ఒక్క వాక్యం అడిగి వచ్చేస్తున్నాం. అతను కొట్టక్కర్లేదు, రాత్రి పదకొండుకి ఒక మిస్డ్ కాల్ ఇస్తే చాలు.

జాయింటు కౌన్సెలింగ్ గురించి మాత్రం నాకు కోపమే. ఇద్దరినీ ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చోబెట్టి "చెప్పమ్మా, నీ బాధేంటో ఆయన ముందే చెప్పు" అంటారు. ఆమె తల వంచుకుని "ఏం లేదండీ" అంటుంది. "ఇరువురూ రాజీకి అంగీకరించారు" అని రాసేస్తారు. ఆ కుర్చీలో ఆమెకి రెండడుగుల దూరంలో కూర్చున్నది ఆమె భయానికి గుర్తు. ఆ గుర్తు ముందు పెట్టి తీసుకున్న మాటకి విలువేముంది? చట్టం 14వ సెక్షన్లో కౌన్సెలింగ్ "విడిగా గానీ కలిపి గానీ" అని ఉంది. విడిగా అనే మాట ముందుంది. పోక్సో చట్టం పిల్లలు సాక్ష్యం చెప్పేటప్పుడు నిందితుడు కంటపడకూడదని 2012లోనే చెప్పింది. 2004లో సాక్షి సంస్థ వేసిన కేసులో అత్యాచార బాధితులకి అడ్డుతెర పెట్టమని సుప్రీంకోర్టు చెప్పింది. పెద్దవాళ్ళయిన భార్యల విషయంలోనే ఈ మర్యాద ఎవరికీ గుర్తుకురాదు.

పోయిన నెల ఒకామె మా ఆఫీసుకి వచ్చింది. మర్నాడు స్టేషన్లో కౌన్సెలింగ్. "ఆయన పక్కన ఉంటే నాకు మాట రాదక్కా, వేరే గదిలో అడగమని చెప్పొచ్చా, చెబితే కోపం చేసుకుంటారా?" అని అడిగింది. చెప్పొచ్చు, అది నీ హక్కు అన్నాం. నోటితో చెప్పలేనేమో, అక్కడ ఆయన ఉంటాడు కదా అంది. సెక్షన్ నంబరు వేసి కాగితం మీద రాసిచ్చాం. రెండు కాపీలు, ఒకటి ఎస్సైకి, ఒకటి స్టాంపు వేయించుకుని తన దగ్గర పెట్టుకోవడానికి.